ఎదురుకాళ్ళ కెప్టెన్ తొక్కిన మోకాలు

ఈ మోకాలు నాది. ఇంతకాలంగా దాని కథ ఊరంతా చెప్పుకుంటున్నా, నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. పోయిన నెల మా పాలెం కుర్రవాళ్ళు పాత చెడుగుడు ఆటగాళ్ళకు సన్మానం చేశారు. మా అప్పటి కెప్టెన్‌ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మైకు పట్టుకున్నవాడు, "ఒకసారి పోటీ మధ్యలో ఒక ఆటగాడి మోకాలు విరిగితే, ఈయన పాదం తాకించి బాగుచేసి ఆడించాడు" అని చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ తల వంచి ఆ చప్పట్లను స్వీకరించాడు.

ఆ ఒక ఆటగాణ్ణి నేనే. మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. ఆ వాక్యంలో నిజం ఏదైనా ఉందంటే అది పోటీ మధ్యలో అన్న మాట ఒక్కటే. చెయ్యెత్తి లేచి నిలబడ్డాను. మైకువాడు నన్ను చూసి, "తాతా, కూర్చో. టిఫిన్లు చివర్లో ఇస్తారు" అన్నాడు.

తర్వాత కెప్టెన్‌కు మూడు ఉత్తరాలు రాశాను. ఆయన ఇల్లు మా వీధి చివరే. అయినా రిజిస్టరు పోస్టులోనే వేశాను, అందలేదని చెప్పే వీలు లేకుండా. మూడింటికీ జవాబు లేదు. అందుకని ఇక్కడ, నలుగురూ చదివే చోట రాస్తున్నాను. నేను అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. అది ఏమిటో తెలియాలంటే ముందు జరిగింది తెలియాలి.

మా పాలెం విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉంది. వేట మీద బతికేవాళ్ళం. నేను హైస్కూలు దాకా చదివి, ఆపైన ఇంట్లో కుదరక తెప్ప ఎక్కాను. తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టినది. దాని మీద కూర్చోవడానికి పీట ఉండదు. రెండు మోకాళ్ళూ మడిచి, మడమల మీద బరువు వేసి కూర్చుని తెడ్డు వెయ్యాలి. మోకాలు మడత పడనివాడికి తెప్ప మీద చోటు లేదు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. నాకు సంబంధించినంతవరకు మోకాలు అంటే ఆట కాదు, అన్నం.

కెప్టెన్ నాకు వరసకు అన్న. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. మా తెప్పకూ ఆయనే పెద్ద, చెడుగుడు జట్టుకూ ఆయనే పెద్ద. ఈ రెండూ చాలవన్నట్టు ఆయన ఎదురుకాళ్ళతో పుట్టాడు. తల్లి కడుపులోంచి ముందు కాళ్ళు బయటికి వచ్చినవాళ్ళ పాదం తాకితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నడుము పట్టినవాళ్ళు బోర్లా పడుకుంటారు. ఎదురుకాళ్ళవాడు కుడి పాదం మూడుసార్లు తాకిస్తాడు. అంతే. వ్యవసాయం చేసే ఊళ్ళ నుంచి కూడా ఆయన అరుగు దగ్గరికి వచ్చి బోర్లా పడుకునేవాళ్ళు. ఒక మనిషి పుట్టేటప్పుడు సరిగ్గా తిరగలేకపోవడం ఇంత గొప్ప అర్హత అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వాళ్ళమ్మ మంచి మనిషి. ఆమె ప్రతిసారీ వాకిట్లో నిలబడి చెప్పేది, "తాకిచ్చు నాయనా, తొక్కబాక. బరువు ఎయ్యకూడదు. నడుముకే, ఇంకోదానికి కాదు." నేను చెవులారా విన్నాను. కెప్టెన్ నాకన్నా దగ్గరగా నిలబడి విన్నాడు.

పంచాయతీ సమితులు కొత్తగా ఏర్పడిన రోజులవి. సమితి తరఫున ఊళ్ళ మధ్య ఆటల పోటీలు పెట్టారు. మా జట్టు ఆడేది సముద్రం ఒడ్డున ఇసుకలో. పోటీ జరిగేది హైస్కూలు ఆవరణలో, గట్టి నేల మీద. ఆ స్కూల్లో చదివినవాణ్ణి కాబట్టి ఆ నేల నాకు తెలుసు. ఎండకు కాలి ఇటుకలా ఉంటుంది. నెల ముందే కెప్టెన్‌తో చెప్పాను.

"అన్నా, ఇసకలో కాలు జారద్ది. ఆడ జారదు. ఉన్నకాడే నిలబడిపోద్ది, ఒళ్ళు మాత్రం తిరగద్ది. నాలుగు రోజులు గట్టి నేల మీద ఆడదాం."

"చదువుకున్నోడివి గదా, నేలకి కూడా పాఠం జెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా నాకు గుర్తుంది. ఇప్పుడు వాళ్ళలో నలుగురు లేరు కాబట్టి వదిలేస్తున్నాను.

పోటీ రోజు మాకు ఎదురు నిలిచింది కావలి వైపు నుంచి వచ్చిన జట్టు. ఎముకలు పెద్దవి, బుర్రలు చిన్నవి. మొదటి సగం మాదే పైచెయ్యి. రెండో సగంలో నేను కూత పెట్టి వెళ్ళాను. ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాను. కాలు నేలలో దిగేసినట్టు ఆగిపోయింది. ఒకడు చీలమండ పట్టుకున్నాడు, ఇంకొకడు పక్క నుంచి మీద పడ్డాడు. మోకాలు లోపలి వైపుకు వంగింది. మోకాలు వంగకూడని వైపు అది. నేను చెప్పిందే జరిగిందని ఆ నొప్పిలో కూడా అనిపించింది.

పడ్డాను. నొప్పి ఉంది, కానీ కాలు కదులుతోంది. పాదం కదిలించి చూసుకున్నాను. మోకాలు కొద్దిగా వంచి చూసుకున్నాను, వంగింది. ఇది ముఖ్యం. కెప్టెన్ రాకముందు ఈ మోకాలు వంగింది.

అప్పుడు కెప్టెన్ వచ్చాడు. చుట్టూ రెండు మూడు ఊళ్ళ జనం. సమితి పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. ఎవరో, "ఎదురుకాళ్ళోడు ఉండాడు గదా, తాకిచ్చమను" అన్నారు. కెప్టెన్ ముఖం వెలిగిపోయింది. పెళ్ళికొడుకు కూడా అంత సంతోషంగా పీటల మీదికి రాడు.

"అన్నా, నడుము గాదు, మోకాలు" అన్నాను.

"నోరు మూసుకోని పడుకో. ఏ కీలైనా కీలే."

మొదటిసారి తాకించాడు. రెండోసారి తాకించాడు. మూడోసారి జనం వైపు చూసి, రెండు చేతులూ చాపి, ఎడమ కాలు నేల మీంచి లేపాడు. ఆయన బరువంతా నా మోకాలి మీద నిలబడింది. అప్పుడు నాకు టక్కుమని వినిపించింది. ఎండిన తాటిమట్ట విరిచినట్టు. ఆ వెంటనే కాలంతా మొద్దుబారింది.

మొద్దుబారిన కాలికి నొప్పి ఉండదు. "ఇప్పుడెట్ట ఉంది?" అని అడిగితే "నొప్పి లేదు" అన్నాను. జనం ఈలలు వేశారు. నేనూ నమ్మాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. తప్పు ఒప్పుకోవడం చేతనైనవాడు మా పాలెంలో ఒక్కడైనా ఉన్నాడని దీంతో తెలియాలి. లేచి మళ్ళీ కూతకు వెళ్ళాను. మూడు అడుగులు వేశానో లేదో, కాలు కింద లేనట్టు కూలిపోయాను. ఆట ఓడిపోయాం. బండి మీద పడుకోబెట్టి ఇంటికి తీసుకొస్తుంటే కెప్టెన్ పక్కన నడుస్తూ అందరికీ వినిపించేలా అన్నాడు, "నేను సరిజేసినా. ఈడిలో సత్తా లేకపోతే నేనేం జేసేది."

మోకాలు గుమ్మడికాయంత ఉబ్బింది. మూడోరోజు కట్టు కట్టే ఆయన్ని పిలిపించారు. ఆయన నొక్కి చూసి, "ఎముక ఇరగలా" అన్నాడు. విరగనప్పుడు కట్టు ఎందుకని అడిగాను. "అడిగొచ్చినాక కట్టకుండా పోతే ఏం బాగుంటది" అన్నాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి, తొడ మధ్య నుంచి పిక్క దాకా బిగించాడు. నలభై రోజులు కదిలించవద్దన్నాడు. చీమలు ఆ పిండిలోకి దారి కనుక్కున్నాయి. నలభై రోజులు నేను చీమలకు ఇల్లు.

కట్టు విప్పిన రోజు నా కాలు నేను గుర్తుపట్టలేదు. తొడ కండ కరిగిపోయి ముంజేయిలా ఉంది. మోకాలు తెడ్డు కర్రలా బిగుసుకుపోయింది. ఎంత ప్రయత్నించినా నాలుగు వేళ్ళ మందం కన్నా ఎక్కువ వంగలేదు. కట్టు ఆయన దాన్ని చూసి, "ఎముక బాగా నిలబడింది" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. విరగని ఎముకను నిలబెట్టిన ఘనుడు.

కుంటుకుంటూ ఒడ్డుకు వెళ్ళాను. తెప్ప నీళ్ళలోకి తోస్తున్నారు. నా చోట్లో కెప్టెన్ బావమరిది కూర్చుని ఉన్నాడు.

"నా చోటు అన్నా" అన్నాను.

"కూకో మరి" అన్నాడు కెప్టెన్. అందరూ చూస్తున్నారు. ఇసుకలోనే మోకాళ్ళ మీద కూర్చోబోయాను. కుడి కాలు మడత పడక పక్కకు దొర్లాను.

"కూకోలేనోడికి తెప్ప మీద ఏం పని? పోయి అరుగు మీద పుస్తకాలు జదువుకో" అన్నాడు. తెప్ప వెళ్ళిపోయింది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ మోకాలు మడిచి తీరాలి. ఆ చోట్లో కూర్చుని తీరాలి.

బస్సెక్కి నెల్లూరు పెద్దాసుపత్రికి పోయాను. డాక్టరు నా ముఖం చూడలేదు, చీటీ రాసి వెనక గదికి పంపాడు. ఆ గదిలో ఒక బల్ల, గోడకు కప్పీలు, తాళ్ళు, మూలన ఇసుక సంచులు. కుర్చీలో ఒకాయన దినపత్రిక చదువుతున్నాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. దెబ్బతిన్న సిపాయిల చేత వ్యాయామాలు చేయించి నడిపించే విద్య అక్కడ నేర్చుకున్నాడు. నేను నిలబడి ఉండగా రెండు పేజీలు పూర్తిగా చదివాడు. ఆయన నన్ను చివరిదాకా పేరుతో పిలవలేదు. "ఏయ్ మోకాలూ" అనేవాడు. నాకు మేలు చేశాడు కాబట్టి ఈ సంగతి క్షమించాను, మరచిపోలేదు.

బల్ల మీద పడుకోబెట్టి కాలును ముందుకు లాగాడు, పక్కకు వంచాడు, రెండో కాలినీ అలాగే చేసి పోల్చాడు. చాలాసేపు వేలితో నొక్కి చూసి అడిగాడు.

"ఎట్ట పడినావు?"

చెప్పాను.

"పడితే పక్కన నరం లాంటిది కొంచెం తెగుంటది. ఇది అంత మాత్రం గాదు. ఎవురన్నా తొక్కినారా దీన్ని?"

అదీ చెప్పాను. మొదటిసారిగా పత్రిక కింద పెట్టాడు.

"తొక్కకముందు వంగిందా?"

"వంగింది."

"టక్కుమనిందా?"

"అన్నట్టే వినపడింది."

"ఎప్పుడు? పడినప్పుడా, తొక్కినప్పుడా?"

తొక్కినప్పుడే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నొప్పిలో ఉన్నోడి మాట నేను నమ్మను. నేను జూళ్ళేదు. నీ మోకాట్లో టక్కుమంటే తొక్కినోడి అరికాలికి తెలిసుంటది. పోయి ఆయన్ని అడుగు."

ఇదీ నా ప్రశ్న పుట్టిన చోటు.

తర్వాత పని చెప్పాడు. నేను మందు ఇస్తాడనుకున్నాను. "మందు నువ్వే" అన్నాడు. మోకాలి కింద గుడ్డ చుట్ట పెట్టి దాన్ని నేలకు అదిమి పది లెక్కపెట్టాలి. కాలు చాపి మోకాలు వంచకుండా జానెడు ఎత్తు లేపి మళ్ళీ పది లెక్కపెట్టాలి. ఆపైన మడమను నేల మీద ఈడ్చుకుంటూ దగ్గరికి తేవాలి, నొప్పి మొదలైన చోట ఆగి, ఇంకొక వేలంత ముందుకు జరిపి వదలాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ముందు వేడినీళ్ళ కాపడం, చేశాక ఉబ్బితే చన్నీళ్ళ గుడ్డ.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"తొడ చెప్పిందాకా."

తొడ ఎలా చెబుతుందని అడిగితే దారం తెమ్మన్నాడు. నా జేబులో వల కుట్టే దారం ఉంది. మోకాలి చిప్పకు జానెడు పైన మంచి తొడ చుట్టూ చుట్టి ఒక ముడి వేశాడు, కుంటి తొడ చుట్టూ చుట్టి ఇంకొక ముడి. రెండు ముళ్ళ మధ్య మూడు వేళ్ళ దూరం. "ఈ రెండు ముళ్ళూ కలిసినాక నా కాడికి రావద్దు. అప్పటిదాకా వారానికొక తూరి రా, కుంటిదాని ముడి విప్పి కొత్త కొలతకి ఏస్తా" అన్నాడు.

ఇంటికి వచ్చి అరుగు మీద మొదలుపెట్టాను. చిరిగిన తెరచాప గుడ్డతో సంచి కుట్టి, ఒడ్డున ఇసుక నింపి, చీలమండకు కట్టుకుని కాలు ఎత్తేవాణ్ణి. మొదట శేరు, నెల తర్వాత రెండు శేర్లు, ఆపైన వీశె. ఎదురుగా నీడలో వలలు బాగుచేసే ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు నేను రోజంతా వేడుక.

"ఏం సామీ, కాలెత్తుకోని ఉండావు. దేవుడు ఇంకా కనపళ్ళేదా?"

"కనపడితే మాకు గూడా ఒక వరం అడుగు మరిదీ. ఈ వల దాని అంతట అదే కుట్టుకోవాల."

"ఇసకలోనే పుట్టి ఇసక సంచి మోసేవోణ్ణి ఈణ్ణే జూసినా."

నేను లెక్కపెడుతూ ఉండేవాణ్ణి. లెక్కలో ఉన్నవాడు జవాబు చెప్పలేడని వాళ్ళకు తెలుసు. అందుకే ఎనిమిది, తొమ్మిది దగ్గరికి రాగానే మొదలుపెట్టేవాళ్ళు. నేను మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టేవాణ్ణి. ఆ విధంగా నా తొడకు రావలసినదానికన్నా ఎక్కువ బలం వచ్చింది. అందుకు వాళ్ళకు నేను రుణపడలేదు.

రెండు నెలలకు నెల్లూరాయన కాలువలో నడుము లోతు నీళ్ళలో నడవమన్నాడు. నడిచాను. నాలుగో నెలలో మడమ పిర్ర వైపు సగం దూరం వచ్చింది. ఒక వారం మోకాలు ఉబ్బి, మడమ మళ్ళీ వెనక్కి పోయింది. ఆ వారం నెల్లూరు పోయి ఆయన ముందు కూర్చుని, ఇంక నావల్ల కాదన్నాను. ఆయన దారం తీసి కుంటి తొడకు చుట్టి, ముడి మార్చి చూపించాడు. ముళ్ళ మధ్య ఒక వేలు దూరమే ఉంది. "నీ నోరు అబద్ధం జెబతది. ఇది జెప్పదు" అని మళ్ళీ పత్రిక ఎత్తాడు. ఆ దారం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మా పాలెంలో ఎవరైనా చూడాలంటే చూపిస్తాను. ఎవరూ అడగలేదు.

ఏడో నెలలో ముళ్ళు కలిశాయి. మర్నాడు తెల్లవారగానే ఒడ్డుకు పోయాను. తెప్ప ఇంకా ఇసుక మీదే ఉంది. ఎక్కి, నా చోట్లో, రెండు మోకాళ్ళూ మడిచి మడమల మీద కూర్చున్నాను. కుడి మోకాలు లోపల సన్నగా మండింది. కదలలేదు. తెడ్డు అందుకున్నాను. కెప్టెన్ బావమరిది పక్కకు జరిగాడు.

నా జీవితంలో నేను గెలిచిన రోజు అది. అది ఎంతసేపు నిలిచిందో చెబుతాను. కెప్టెన్ తెప్ప చుట్టూ ఒకసారి తిరిగి, వంగి నా మోకాలు చూసి, అందరినీ పిలిచాడు.

"జూసినారా? నా కాలు తగిలితే ఆలస్యంగానైనా పని జేస్తది."

ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలు ఊపారు. ఏడు నెలలు నా ఎదుట కూర్చుని నన్ను వెక్కిరించిన ఆడవాళ్ళు కూడా, "నిజమే, ఎదురుకాళ్ళంటే ఊరికేనా" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన అరుగు దగ్గరికి నడుములతో పాటు మోకాళ్ళు కూడా రావడం మొదలుపెట్టాయి. ఒకసారి కావలి కాలేజీలో వాలీబాల్ ఆడే పిల్లవాణ్ణి తండ్రి మోసుకొచ్చాడు. నేను అడ్డుపడి నెల్లూరు తీసుకుపొమ్మన్నాను. "ఈయన కాలు బాగుచేసుకోని ఇంకోరికి వద్దంటాడే" అని ఆ తండ్రి నన్నే తిట్టాడు. పిల్లవాడు ఏమయ్యాడో తెలియదు. మళ్ళీ రాలేదు కాబట్టి బాగుపడ్డాడని కెప్టెన్ చెప్పుకున్నాడు.

అప్పుడే, ఒక సాయంత్రం ఒడ్డున వలలు ఆరేస్తుండగా, మొదటిసారి అడిగాను.

"అన్నా, హైస్కూల్లో ఆ పొద్దు నా మోకాలి మీద నిలబడినావు గదా. నీ కాలి కింద టక్కుమనిందా?"

ఆయన చేతిలో వల ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నేను చూశాను. తర్వాత నవ్వాడు. "మోకాలు మాట్లాడుద్దా రా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. వల దులిపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదిహేనుసార్లు అడిగి ఉంటాను. వేటలో అడిగాను, పెళ్ళిళ్ళలో అడిగాను, వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం అడగలేదు. ప్రతిసారీ ఆయనకు అర్జెంటుగా ఇంకెక్కడో పని పడేది.

అన్నా, శాలువా నీ దగ్గరే ఉంచుకో. సత్తా లేనివాడినన్న మాట కూడా ఉంచుకో. మోకాలు నేనే బాగుచేసుకున్నానని నువ్వు ఒప్పుకోనక్కరలేదు, అది దారానికి తెలుసు. చెప్పాల్సింది ఒక్కటే. ఆ రోజు నీ అరికాలి కింద టక్కుమందా, లేదా? నాకు తప్ప అది తెలిసినవాడివి నువ్వొక్కడివే. నొప్పిలో ఉన్నవాడి మాట నమ్మనని నెల్లూరాయన అన్నాడు కాబట్టి నా మాట చెల్లదు. నీ మాట కావాలి.

రేపు సాయంత్రం వలలు ఆరేసే చోటికి వస్తాను. నీ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంటాను. దండం పెట్టడానికి అనుకునేవు, కాదు. కూర్చోగలనని చూపించడానికి. అవునో కాదో నువ్వు చెప్పేదాకా లేవను. చెప్పు.